రెండో గుప్పెడు

దేవుడు సింహాచలమ్మగారితో మాట్లాడతాడు. దానికి కోడలు మధులతకు అభ్యంతరమేమీ లేదు. ఆవిడతో మాట్లాడి ఊరుకోక, ఆవిడ ద్వారా తనతో మాట్లాడటమే చిక్కు. యెషయాకు రాజ్యాల గతి చెప్పినవాడు, దానియేలుకు సామ్రాజ్యాల అంతం చూపించినవాడు, పోర్ట్ బ్లెయిర్ డైరీ ఫార్మ్‌లో హార్డ్‌వేర్ షాపు మీది రెండు గదుల ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గిన సంగతి కూడా స్వయంగా చెప్పాలా అని ఆమె సందేహం.

"ప్రభువు సెలవిచ్చుచున్నాడు," అంటుంది అత్తగారు కంచం ముందు కళ్ళు మూసుకుని. "ఈ గృహమందు రుచిలేని భోజనము వడ్డింపబడుచున్నది."

"ఉప్పు తేనా అత్తయ్యా?"

"తే. బేగి తే," అంటుంది కళ్ళు తెరిచి.

కళ్ళు మూస్తే గ్రంథం, తెరిస్తే భీమిలి ఒడ్డు యాస. రెండింటికీ మధ్య దూరం రెప్పపాటే. బాప్తిస్మం ఇచ్చిన రోజున ఆవిడకు శారమ్మ అని పేరు పెట్టారు గానీ అది రిజిస్టరులోనే ఉండిపోయింది. కొండ మీది అప్పన్న పేరే అందరి నోటా నిలిచింది. సంఘ కాపరి పేరు రమణయ్య కావడం వల్ల ఆయన కూడా ఆ విషయంలో ఎవరినీ ఏమీ అనలేకపోయాడు.

ఆవిడకు చదువు రాదు. అందుచేత మధ్యాహ్నం భోజనాలయ్యాక బి.ఏ. చదివిన కోడలు బైబిలు పైకి చదవాలి, ఆవిడ వినాలి. విన్నాక ఆవిడకు మాట వస్తే కోడలు నోటుబుక్కులో రాయాలి. "యిర్మియాకి బారూకున్నట్టు నాకు నువ్వున్నావు," అని ఆవిడ నలుగురిలో మెచ్చుకుంటుంది కూడా. బారూకు రాయడంతోపాటు అంట్లు కూడా తోమేవాడా అన్నది లేఖనాల్లో ఎక్కడా లేదని మధులత వెతికి చూసుకుంది. రాతపనికి ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. తీరిక దొరికినప్పుడు పదేసి పేజీల నెత్తిన 'ప్రభువు సెలవిచ్చుచున్నాడు' అని ముందే రాసి పెట్టుకుంటుంది. ఎలాగూ వచ్చే మాటే. కింద ఏమిటన్నది తర్వాత నింపుకోవచ్చు.

ఇంటాయన ప్రదీప్ ఈ వ్యవహారంలో తల దూర్చడు. "మీ ఇద్దరి మధ్యా దేవుడే ఉన్నాడు. ఇంక నేనెందుకు?" అని కింద షాపులోకి దిగిపోతాడు.

ఆ గురువారం జంగ్లీఘాట్ ప్రార్థన మందిరంలో సెలవుల బైబిలు బడి నాలుగో రోజు. మే నెలాఖరు. రేకుల కప్పు కింద చాపల మీద పాతికమంది పిల్లలు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. దేవుడు ప్రవక్తల చేత ఎలా మాట్లాడించాడన్నది ఈ ఏటి పాఠం. మధులత చార్టు మీద బొమ్మలు వేసి, కింద పేర్లు తెలుగులోనూ హిందీలోనూ రాసింది. పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ అక్షరాల దగ్గర తడబడతారు. నోరు తిరగని మోషే, 'నేను చిన్నవాణ్ణి, మాట్లాడలేను' అన్న యిర్మియా, పశువుల వెనక నడుస్తుంటే దేవుడు పిలుచుకొచ్చిన ఆమోసు వరసగా ఉన్నారు.

"చూశారా, వీళ్ళెవరికీ ప్రవక్త కావాలని లేదు," అంది మధులత. "నిజంగా దేవుడి మాటైతే ముందు చెప్పేవాడికే కష్టం. మనకు నచ్చిన మాటలు చెప్పడానికి దేవుడెందుకు? మనమే చెప్పుకోగలం."

ఆఖరి మాట పిల్లల కోసం కాదు. కిటికీ పక్కన విసనకర్ర పట్టుకుని కుర్చీలో కూర్చున్న అత్తగారి కోసం. ఆవిడ హాయిగా కునుకు తీస్తోంది.

యోనా దగ్గరికి వచ్చేసరికి చిన్ని లేచి నిలబడింది. జాలరి పైడిబాబు కూతురు. ఏడేళ్ళది.

"టీచరాంటీ, యోనా సముద్రంలో పడిపోయాడు గదా?"

"పడిపోలేదమ్మా. ఓడవాళ్ళు పడేశారు."

"చేప మింగేసింది. తీన్ దిన్ తర్వాత ఒడ్డుకి వచ్చేశాడు."

"అవును."

"మరి మా నాన్నకి రెండేళ్ళయింది గదా. ఇంకా కక్కలేదేం? అంత పెద్ద చేపా?"

పిల్లలెవరూ నవ్వలేదు. వేటకెళ్ళిన డోంగీ పడవ తిరిగి రాకపోవడమంటే ఏమిటో జంగ్లీఘాట్ పిల్లలకు తెలుసు. మధులత స్కెచ్ పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసింది. ఏ ప్రశ్నకైనా చమత్కారంగా జవాబు చెప్పగలనని ఆమెకు లోలోపల గర్వం. 

"రేపు చెప్తాను. కూర్చో," అంది.

పన్నెండింటికి లక్ష్మీకుమారి కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. ఫిష్ ల్యాండింగ్ దగ్గర పొద్దున్నుంచీ చేపలు కోసి, సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుని వచ్చినా, పొలుసొకటి ముంజేతికి అంటుకుని మెరుస్తోంది. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడింది.

"దీదీ, సోమవారం జహాజ్ ఉంది వైజాగ్‌కి. నాకూ చిన్నికీ టికెట్ అయిపోయింది."

"మళ్ళీ వస్తావా?"

"ఏమో దీదీ. పూడిమడకలో మా అమ్మ దగ్గరుంటాం." కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "వెళ్ళేలోపు, ఈ ఆదివారం, ఆయనకి జ్ఞాపకార్థ కూడిక పెట్టమని పాస్టరుగారిని అడిగాను. మనిషి దొరకలేదు, పెట్టె లేదు, సమాధి లేదు. ఒక పాట పాడి, ఆయన పేరు పలికి, ప్రార్థన చేస్తే బస్, చాలన్నాను. కుదరదన్నారు."

"ఏమని?"

"బతికున్న మనిషికి జ్ఞాపకార్థమేంటమ్మా, ప్రవచనం ఉంది గదా, అన్నారు." లక్ష్మీకుమారి గొంతు తగ్గించింది. "కూడిక లేకుండా జహాజెక్కితే మతలబ్ ఏంటి దీదీ? మొగుడు బతికుండగా వదిలేసి పోయిందనే గదా. అంటున్నారు కూడా. నిన్న కుళాయి దగ్గర నా ముందే అన్నారు. మీ అత్తయ్యగారు ఒక్క మాట అంటే పాస్టరుగారు కాదనరు. కొంచెం చెప్పవా?"

కిటికీ దగ్గర విసనకర్ర కదిలింది.

"వలలమ్మీసినావంట గదేటి?" అంది సింహాచలమ్మగారు.

"అమ్మేశాను పెద్దమ్మా."

"రేపు ఆడొస్తే ఏటి పట్టుకుని ఎల్తాడు సముద్రానికి?"

లక్ష్మీకుమారి చిన్ని చేతిలోని రంగుల కాగితం మడతపెట్టి సంచిలో పెట్టింది. పిల్ల కాళ్ళకు చెప్పులు తొడిగింది. రెండో చెప్పు బకిల్ పెట్టడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఇద్దరూ ఎండలోకి వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్తూ ఆటోలో మధులత అత్తగారి మొహం వంక చూడలేదు. పైడిబాబు ప్రతి శనివారం వంజరం చేప తలకాయ కొబ్బరాకులో చుట్టి మేడమెట్లెక్కి తెచ్చేవాడు. "పెద్దమ్మా, దేవుడితో మాట్లాడేవాళ్ళకి మెదడు ఖర్చవుద్ది, తిను," అనేవాడు. ఆ ఇంట్లో సింహాచలమ్మగారిని వేళాకోళం ఆడే ధైర్యం ఉన్నవాడు అతనొక్కడే. మధులత ఆడుతుంది గానీ, లోలోపల.

డోంగీ తిరిగి రానప్పుడు పన్నెండు రోజులు వెతికారు. పదమూడో రోజున ఇంక వెతకడం లేదని చెప్పారు. ఆ సాయంత్రం లక్ష్మీకుమారి ఏడ్చిన ఏడుపుకు మగవాళ్ళు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయారు. సింహాచలమ్మగారు వెళ్ళి, ఆమె తలను ఒళ్ళోకి లాక్కుని, చెవి దగ్గర ఓ మాట చెప్పింది. ఏడుపు సగంలో తెగిపోయింది. "చూశారా, దేవుడే మాట్లాడాడు," అన్నారెవరో వాకిట్లో. పాస్టరు రమణయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ మధులత వైపు తిరిగి, "అమ్మగారి మాట రాసివ్వమ్మా. ఆదివారం చదువుతాను," అన్నాడు.

రాసిచ్చింది. చదివాడు. సంఘమంతా ఆమేన్ అంది. అప్పటినుంచి పైడిబాబు బతికే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మధులత కావాలనే యిర్మియా తెరిచింది. తమ మనసుకు తోచిందే దర్శనమని చెప్పే ప్రవక్తల మీద దేవుడు మండిపడ్డ అధ్యాయం అది. ఆమె ఒక్కొక్క వాక్యాన్నీ పచ్చిమిరపకాయ గిచ్చినట్టు గిచ్చి గిచ్చి చదివింది. నేను వాళ్ళను పంపలేదే, వాళ్ళతో మాట్లాడలేదే, అని దేవుడు వాపోయిన చోట ఆగి, అత్తగారి వంక చూసింది కూడా.

సింహాచలమ్మగారు తల పంకించింది. "బాంబూఫ్లాట్‌లో కొత్తగా గుడారమేసినాడు సూడు, ఆ పాస్టరు గురించే. అచ్చం ఆడే."

మధులత బైబిలు మూసి పొయ్యి మీద టీ పెట్టడానికి వెళ్ళింది. దేవుడి మాటే దిగని తోలు, నా గోళ్ళేం చేస్తాయి అనుకుంది. అనుకున్నందుకు నవ్వు రావలసింది. రాలేదు.

శనివారం పొద్దున్న మందిరంలో బియ్యం ఏరే పని. సంఘంలో ప్రతి ఇల్లాలూ పూటకో గుప్పెడు బియ్యం తీసి విడిగా సంచిలో వేస్తుంది. వారానికొకసారి ఆ సంచులన్నీ మందిరానికి వస్తాయి. ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కలిసి తినేది ఆ అన్నమే. ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది సన్నబియ్యం, ఇంకొకరిది ఉప్పుడు బియ్యం. అన్నీ కలిపి వండితే సగం ముద్దవుతుంది, సగం పలుకు ఉంటుంది. సంఘం కూడా అంతే కదా అని మధులత ఏటా ఒకసారైనా అనుకుంటుంది.

ఆమె సంచులు విప్పి చాప మీద పోస్తోంది. సింహాచలమ్మగారు చేట ఒళ్ళో పెట్టుకుని రాళ్ళేరుతోంది. కంటిచూపు తగ్గినా ఆవిడ వేళ్ళకు రాయి తెలుస్తుంది.

ఎప్పుడూ సంచి గుమ్మం దగ్గర మిగతావాటిలో పడేసి పనికి పోయే లక్ష్మీకుమారి ఆ రోజు లోపలికి వచ్చి చేతికిచ్చింది. మధులత అందుకుని, బరువు చూసి, "ఇదేమిటి, ఇద్దరు మనుషుల ఇంటికి ఇంత బియ్యమా? ప్రదీప్ షాపులో మేకులు తూచినట్టు తూచావా ఏం?" అంది.

"పూటకి రెండు గుప్పిళ్ళు దీదీ."

"ఒకటి చాలు కదా. అందరూ ఒకటే వేస్తారు."

"ఒకటి నాది. రెండోది ఆయనది."

మధులతకు అర్థం కాలేదు. లక్ష్మీకుమారి చాప అంచున మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆయన కోసం గుప్పెడు పొయ్యి మీద పెట్టమన్నారు గదా. పెట్టాను. రోజూ కంచంలో వడ్డించి, మూతపెట్టి, పొద్దున్న చద్దన్నం నేనే తినేదాన్ని. అలా ఏడాదిన్నర తిన్నాను. తర్వాత గొంతు దిగలేదు దీదీ. పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఒకసారి కుక్కకి పెడితే, చిన్ని చూసి ఏడ్చింది, నాన్న అన్నం కుక్కకెందుకు పెట్టావని." సంచి మూతికి కట్టిన తాడును వేళ్ళతో విప్పుతూ చుడుతూ ఉంది. "అందుకే వండటం మానేశాను. పెట్టమన్నది దేవుడే గదా. ఆ గుప్పెడు దేవుడికే తిరిగి ఇచ్చేస్తున్నా. ఆర్నెల్లయింది. తప్పా?"

సింహాచలమ్మగారి వేళ్ళు చేటలో ఆగిపోయాయి.

మధులత, "తప్పేం లేదు," అంది. ఆ మాట తన గొంతులోంచి వచ్చినట్టు ఆమెకే అనిపించలేదు.

లక్ష్మీకుమారి సంచిలో బియ్యం చాప మీద పోసి, లేచి, "పెట్టె కట్టుకోవాలి," అని వెళ్ళిపోయింది. ఆమె పోసిన బియ్యం చాప మీద చిన్న కుప్పగా ఉంది. సింహాచలమ్మగారు ఆ కుప్పలోంచి గుప్పెడు తీసింది. చేటలో పోసి, వేళ్ళతో పరిచి చాలాసేపు వెతికింది.

"ఒక్క రాయి లేదు," అంది చివరికి. "ఏరి తెచ్చింది."

ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ప్రభువు ఏమీ సెలవివ్వలేదు. పప్పులో ఉప్పు నిజంగానే తగ్గింది. మధులత ఎదురుచూసింది కూడా. సింహాచలమ్మగారు తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద కూర్చుంది.

"చదువు," అంది.

ఆఖరి అస్త్రంగా మధులత నాతాను ప్రవక్త కథ అట్టిపెట్టుకుంది. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని కథ చెప్పి, దావీదు రాజుకు కోపం తెప్పించి, ఆ మనిషివి నువ్వే అని మొహాన అన్న ఘట్టం. తేలిగ్గా తప్పించుకునేందుకు అందులో బాంబూఫ్లాట్ పాస్టరెవరూ లేడు. ఆమె సరిగ్గా అక్కడ తెరిచింది.

"నాతానా? మద్దెలో అందుకోకు," అంది అత్తగారు. "ఆ మనిషి మొదట ఎక్కడొచ్చినాడో అక్కణ్ణుంచి చదువు."

మధులత విసుక్కుంటూ అయిదు అధ్యాయాలు వెనక్కి తిప్పింది. దావీదు తన కొత్త ఇంట్లో కూర్చుని ఉన్నాడు. నేను దేవదారు ఇంట్లో ఉన్నాను, దేవుడి మందసం డేరాలో ఉంది అని బాధపడ్డాడు.

"దేవదారంటే? మన చాతం మిల్లు పడాక్ లాంటిదా?"

"అలాంటిదే అత్తయ్యా, మంచి చెక్క." చదివింది. దేవుడికి మందిరం కట్టాలని రాజు మనసులో ఉందని గ్రహించి నాతాను, నీకు తోచినదంతా చెయ్యి, యెహోవా నీకు తోడుగా ఉన్నాడు, అన్నాడు. ఆ రాత్రే దేవుడి మాట నాతానుకు వచ్చింది. వెళ్ళి దావీదుతో చెప్పు, నాకు ఇల్లు కట్టేది నువ్వు కాదని.

"ఆగు," అంది సింహాచలమ్మగారు. "మళ్ళా చదువు."

మళ్ళీ చదివింది.

"అయితే ముందు సెప్పిన మాట దేవుడిది కాదేటి?"

"కాదు. దేవుణ్ణి అడగలేదు. ఆయనే అనేశాడు."

"పెవక్తే గదా ఆయన?"

"ప్రవక్తే."

"మరెందుకన్నాడు?"

మధులత ఏనాడూ ఆ సంగతి ఆలోచించలేదు. "దావీదంటే ఇష్టమేమో అత్తయ్యా. అడిగింది మంచి పనే. కాదనడానికి నోరు రాలేదేమో."

 కింద షాపులో ప్రదీప్ ఎవరికో పైపు కోస్తున్న చప్పుడు.

"తెల్లారి ఎల్లి సెప్పీసినాడా?"

"చెప్పాడు. నిన్న నేనన్నది కాదు, దేవుడి మాట ఇదీ అని."

"రాజుకా?"

"రాజుకే."

"కొట్టించలేదేటి?"

"లేదు. రాజు వెళ్ళి దేవుడి ముందు కూర్చున్నాడు, అంతే."

"ఆయనకి ఒక్క రాత్రే పట్టింది," అంది సింహాచలమ్మగారు. అరచేతిని మోకాలి మీద బోర్లించి, దానివంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత, "పైడిబాబు మాట రాసినావు గదా. అదోసారి తీసి చదువు," అంది.

"పాలు పొంగుతున్నాయి అత్తయ్యా," అని మధులత లేచింది.

పొయ్యి మీద పాలు లేవు. ఉన్నా పొంగేవి కావు, పొయ్యి వెలిగించలేదు. ఆమె నోటుబుక్కు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, గట్టుకు ఆనుకుని, రెండేళ్ళుగా చూడకుండా దాటేస్తున్న పేజీ తెరిచింది. నెత్తిన ఉన్న మొదటి వాక్యం నీలం సిరాతో ఉంది. కింద ఉన్నదంతా నల్ల సిరా. రెంటికీ మధ్య వేలెడు ఖాళీ.

అత్తగారు మంచం మీదనుంచి మళ్ళీ పిలవలేదు.

ఆదివారం పొద్దున్నే వాన పట్టుకుంది. ఈ ఏటికి మొదటి పెద్ద వాన. మందిరం రేకుల మీద గులకరాళ్ళు గుమ్మరిస్తున్నట్టుంది. పాస్టరు రమణయ్యగారి మైకు రెండో పాటకే కరెంటుతోపాటు పోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద దగ్గర దగ్గరగా జరిగి కూర్చున్నారు. లక్ష్మీకుమారి చివరి వరసలో, గోడకు ఆనుకుని. చిన్ని ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

సాక్ష్యాల వేళ సింహాచలమ్మగారు లేచింది. ఆడవాళ్ళందరూ ముసుగులు సర్దుకుని తలలు దించారు. ఆ మాట వస్తుందని అందరికీ తెలుసు.

ఆవిడ కళ్ళు మూసుకోలేదు.

"మధులతా, నోటుబుక్కు తెచ్చినావు గదా. పైడిబాబు పేజీ చదువు."

మధులత లేచింది.  చదివింది. "ప్రభువు సెలవిచ్చుచున్నాడు. కుమారీ, ఏడువకుము. నీ పెనిమిటి సజీవుడై తిరిగి వచ్చును. అతని నిమిత్తము గుప్పెడు బియ్యము పొయ్యిమీద పెట్టుచుండుము."

ఇద్దరు ముగ్గురు అలవాటుగా ఆమేన్ అన్నారు.

"ఆమేన్ అనకండి," అంది సింహాచలమ్మగారు. "నా మాట ఇనండి. ఆ పొద్దు ఈ పిల్ల ఏడుపు నాను సూడలేకపోనాను. ఆడు నాకు కొడుకు లాంటోడు. ఏడవకే పిల్లా, ఆడెక్కడికి పోతాడు, వొచ్చీస్తాడు, ఆడి కోసం గుప్పెడు బియ్యం పడేసుకో అన్నాను. ఎవరింట్లో సావైనా అందరం అలాగే అంటాం. నోటికొచ్చింది అనీసినాను. ఆదివారం పాస్టరుగోరు ఇదే మాట పెద్ద గొంతుతో, దేవుడి మాటలాగ చదివినారు. నానూ ఇన్నాను. ఓలమ్మ, నా నోటంట దేవుడే పలికినాడు కాబోలని నానూ నమ్మీసినాను. ఆడు రాడమ్మా. లక్ష్మీకుమారీ, ఆడింక రాడు."

వెనక గోడ దగ్గర లక్ష్మీకుమారి చిన్ని తల మీద చెయ్యి వేసింది. ఆమె అడిగింది అదే. రెండేళ్ళుగా అడగాలనుకున్నది అదే. చిన్ని తలెత్తి తల్లి గడ్డం పట్టుకుని, "అమ్మా, నాన్న రాడా?" అంది. అప్పుడు మొదలైంది. రెండేళ్ళ కింద సగంలో తెగిపోయిన ఏడుపు, సరిగ్గా తెగిన చోటునుంచి.

ఈసారి సింహాచలమ్మగారు వెళ్ళి ఆపలేదు. నిలబడి, చేతులు వేలాడేసుకుని, ఆ ఏడుపంతా విన్నది. తర్వాత పాస్టరు వైపు తిరిగింది.

"పైడిబాబుకి కూడిక పెట్టండి బాబూ. ఇప్పుడే. రేపు ఆళ్ళు జహాజెక్కుతారు."

రమణయ్యగారు పడాక్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. కాగితాన్ని నమ్మినవాడు. "అమ్మగారూ, మీరు ప్రేమకొద్దీ అంటున్నారు. మనకు సందేహాలు వస్తాయి, పోతాయి. కానీ అందులో ప్రభువు సెలవిచ్చుచున్నాడు అని స్పష్టంగా ఉంది. ఈ నోటితో నేనే చదివాను. మనం మాట మార్చుకుంటే దేవుడి మాట మారుతుందా? ఇంకొన్నాళ్ళు కనిపెడదాం."

ఆడవాళ్ళలో కొన్ని తలలు ఊగాయి. ఎవరో, "అవును, విశ్వాసం ఉండాలి," అన్నారు. లక్ష్మీకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు మళ్ళీ సగంలో ఆగబోతోంది.

సింహాచలమ్మగారు నెమ్మదిగా కోడలి వైపు తిరిగింది. అందులో కోపం లేదు. కంటికి ఆనని అక్షరాన్ని అడిగి తెలుసుకుందామన్నట్టు చూసింది.

"ఆ పైమాట నాను సెప్పినానా మధులతా? ఎంత తలుసుకున్నా నాకు గుర్తు లేదు. నిన్న అడిగితే పాలు పొంగుతున్నాయన్నావు. నువ్వు పక్కనే ఉన్నావు గదే. నాను అన్నానా?"

సంఘమంతా మధులత వైపు చూసింది. చేతిలో పేజీ తెరిచే ఉంది. నీలం సిరా, వేలెడు ఖాళీ, నల్ల సిరా. అత్తగారిని చూసి నవ్వుకున్న ప్రతి మధ్యాహ్నమూ ఆ ఖాళీలో కూర్చుని ఉంది. ఈ ఒక్క పేజీ మీద ఆ వాక్యం కొట్టేసి ఉంటే సరిపోయేది. ఒక్క గీత. పేజీ అసహ్యంగా కనిపిస్తుందని కొట్టెయ్యలేదు. గుప్పెడు బియ్యం పడేసుకో అన్నదాన్ని ఆ వాక్యం కింద ఇమడదని, గ్రాంథికంలోకి దిద్దింది కూడా. చదువుకున్నదాన్నన్న సంతోషంతో.

"లేదత్తయ్యా," అంది. మాట తడబడింది. చార్టు మీద తాను వేసిన మోషే నోరు ఇప్పుడు తనకు వచ్చింది. "మీరు... మీరనలేదు."

వాన ఇంకా హెచ్చింది. వెనకనుంచి ఎవరో మగగొంతు, "సునాయీ నహీ దే రహా, గట్టిగా చెప్పమ్మా," అని అరిచింది.

మధులత నోటుబుక్కు మూసింది. ఎప్పుడూ లోపలే మాట్లాడుకునే మనిషి, రేకుల మీది వానకు పైన వినపడేలా, చివరి వరసలో గోడకు ఆనుకున్న ఇద్దరి వైపు తిరిగి చెప్పింది.

"అత్తయ్య అనలేదు. దేవుడూ అనలేదు. ఆ మాట నేను రాశాను. తప్పని నాకు తెలుసు లక్ష్మీకుమారీ, రెండేళ్ళనుంచీ తెలుసు. నీ చేత ఆ అన్నం వండించింది నేను. తప్పు నాది."